రీస్టార్ట్ చెయ్యని రెండు రోజులు

మా సిస్టమ్ సారు పోయిండన్న కబురు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కాలేజీ వాట్సాప్ గ్రూపుల వచ్చింది. వచ్చింది గని నాకు తెలువలేదు. ఎవరో ఆయన ఫోటో పెట్టి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టిండ్రు. దాని కిందనే రేపటి టైంటేబుల్ మారిందని ఇంకో మెసేజ్. క్లాసుకు పోయే తొందర్ల నేను కింది మెసేజ్ ఒక్కటే చదివి "సరే, మంచిది" అని కొట్టిన. మెట్లెక్కుతుంటే మా డిపార్టుమెంటు అమ్మాయి ఎదురొచ్చి, "మేడం, సార్ పోయిండంటే మంచిది అని పెట్టిండ్రేంది?" అన్నది.

చెరిపేసిన. అప్పటికే అందరు చూసిండ్రు. ఆ గంట క్లాసుల ఏం చెప్పిన్నో నాకు యాదికి లేదు. రిటైరైనంక ఆయన నారాయణపేటలనే ఉండిపోయిండని, ఛాతిల నొప్పి అంటే మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకపోయిండ్రని, తొవ్వలనే అయిపోయిందని మధ్యాహ్నం దాక ఒక్కొక్క ముక్క తెలిసింది. నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచిస్తే నా మీద నాకే సిగ్గయింది. ఆయనను ఒక మాట అడిగేది ఉండె. ఇప్పుడు ఆ మాట ఎవరిని అడగాలె అన్న గాబరానే ముందుగాల వచ్చింది. దుఃఖం దాని వెనుక నిలబడ్డది.

ఆ మాట ఏందో చెప్పాలంటే ఆయన ఎవరో చెప్పాలె.

తెలంగాణ వచ్చిన కొత్తల నేను నల్లగొండల ఒక డిగ్రీ కాలేజీల కంప్యూటర్ సైన్సు చెప్పెటందుకు కాంట్రాక్టు మీద చేరిన. మాది తిరుమలగిరి దిక్కు. యూనివర్సిటీల ఎమ్మెస్సీ చేసిన, పుస్తకంల ఉన్నదంత వచ్చు. కానీ ల్యాబుల నిజం మిషన్ ముందట కూసుంటే ముందు ఏ కీ కొట్టాల్నో తోచకపోతుండె. ఆ ల్యాబు చివర అద్దాల గదిల ఒక యూనిక్స్ సర్వర్ ఉండె. పిల్లలందరు తమతమ పేర్ల మీద దాంట్లకు పోయి ప్రోగ్రాములు రాసుకునేది, అవి దాచుకునేది కూడా దాంట్లనే. దాన్ని చూసుకునేటాయన మా సారు. నాకన్న ఇరవై ఏండ్లకు మీదనే పెద్ద. పొట్టి చేతుల తెల్ల అంగీ, భుజం మీద చిన్న తువ్వాల. పొద్దున రాంగనే ఆ తువ్వాలతోని పిల్లల కీబోర్డులన్ని తుడిచేది. అది అటెండర్ పని అని నేనంటే, "నా చేతి కింద ఏ అక్షరం అరిగిందో నాకు తెల్వాలె గద మేడం" అన్నడు.

పాలమూరు దిక్కు గొర్లు కాసే ఇంట్ల పుట్టిండు. అది తెలిసిన ప్రతి ఒక్కరికి ఆయన నోటి నుంచి గొర్ల పోలిక వినాలని ఉండేది. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దమనిషి సర్వర్ గదిల నిలబడి, "అంటే ఇది మంద చుట్టు కంచె లాంటిదన్నట్టు" అని నవ్విండు. సారు నవ్వలేదు. "కాదు సార్. గొర్రెకు పాస్‌వర్డ్ ఉండదు" అన్నడు. పెద్దమనిషి మొఖం చూసి ప్రిన్సిపాల్ నీళ్ల సీసా అందిచ్చిండు.

సారు ఫికరంత ఒక్క దాని మీదనే ఉండేది. బయటి నుంచి వచ్చే దొంగ గురించి ఆయన ఎక్కువ మాట్లాడకపోతుండె. "బయటోని మీద అందరి కన్ను ఉంటది. లోపలికి మనమే రానిచ్చినోని సంగతేంది?" అనేటోడు. యూనిక్స్‌ల ప్రతి మనిషికి ఇంత జాగా అని రాసిపెట్టి ఉంటది. అన్ని జాగలకు పోగలిగే పేరు రూట్ ఒక్కటే. మామూలు లాగిన్ ఉన్న విద్యార్థి, మిషన్‌ల ఏదో కంత దొరకపట్టి తనను తాను రూట్ చేసుకుంటే ఇగ ఎవరి ఫైలైనా చదవొచ్చు, మార్చొచ్చు, తుడిచెయ్యొచ్చు. గసొంటి కంతలు ఏడాదికి కొన్ని బయటపడతనే ఉంటయి. ఫలానా కంత ఉన్నది, దాన్ని మూసే ప్యాచ్ ఇది అని మెయిల్ వస్తది. ఆ మెయిల్ వచ్చిన రోజు సారు బువ్వ డబ్బా తెరిచెటోడు కాదు. ప్యాచ్ వేసి, పొడుగు రిజిస్టర్‌ల తారీఖు, కంత సంగతి, వేసినోళ్ల పొడి అక్షరాలు రాసినంకనే జొన్నరొట్టె తీసేది.

ఇంకో పట్టింపు ఉండె. రూట్‌గా ఉండంగ చాయ్ తాగడు. చాయ్ వస్తే ముందు లాగౌట్ అయితడు, తాగుతడు, మళ్ల పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోతడు. చాయ్ చల్లారిపోతుందని నేను నవ్వితే, "ఆ పేరు మీద ఉన్నప్పుడు చెయ్యి జారిందనుకో, వద్దు అని ఆపెటోడు ఎవ్వడు లేడమ్మా లోపల" అన్నడు. పక్కన మనుషులుంటే మేడం, మాట గట్టిగ చెప్పాల్సొస్తే అమ్మా. ఆ తేడా నాకు తెలిసేది.

ప్యాచ్ వేసినంక ఆయన తన కుర్చీల కూసుండడు. ల్యాబుల ఆఖరు వరుసకు పోయి, పిల్లల స్టూలు మీద కూసొని, ఒక విద్యార్థి లాగిన్‌తోని లోపలికి పోయి, పాత కంతల నుంచి రూట్ కావొస్తదా అని తనే చూసేది. "తాళం మార్చిన్నని ఇంట్ల కూసొని చెప్తే ఎట్ల? బయటికి పోయి తలుపు నూకి చూడాలె."

అన్నిటికన్న ఎక్కువ యాతన రీస్టార్ట్ దగ్గర. కొన్ని కంతలు కెర్నల్‌ల ఉంటయి. కెర్నల్ అంటే మిషన్ నడిచినంతసేపు మెమరీల ఉండి అన్నిటిని నడిపించే అసలు ప్రోగ్రాం. ప్యాచ్ వేస్తే డిస్కు మీదికి కొత్తది వస్తది. కానీ మిషన్‌ను ఒకసారి ఆపి లేపేదాక నడిచేది పాతదే, కంత ఉన్నదే. అందుకే రీస్టార్ట్ తప్పదు. అందరి తెరల మీద ఒకేసారి హెచ్చరిక పడేటట్టు పంపొచ్చు. సారు పంపకపోతుండె. ప్రతి స్టూలు దగ్గరికి పోయి అడిగేది.

"సేవ్ చేసినవా బిడ్డా?"

"చేసిన సార్."

"ఏడ చేసినవ్? చూపెట్టు."

ఒక పిల్ల ఉండె, చౌటుప్పల్ నుంచి రోజు బస్సుల వచ్చేది. మూడో సంవత్సరం. క్లాసులందరికన్న చురుకు. ఆ పిల్ల ఒకరోజు, "సార్, మీరు అచ్చం మా అవ్వ తీర్గ. తిన్న అని చెప్పినా గిన్నె మూత తీసి చూస్తది" అన్నది. "మీ అవ్వ దగ్గర ఇంత నేర్చుకోవాలె నేను" అన్నడు సారు. ల్యాబంత నవ్వింది.

నేను చెప్పాల్సింది ఆ పిల్ల ఫైనలియర్ ప్రాక్టికల్స్ వారం సంగతి.

పరీక్షకు ముందురోజు సాయంత్రం, ల్యాబుకు తాళం పడ్డంక మెయిల్ వచ్చింది. కెర్నల్ కంత, లోపలి మనిషి రూట్ కావొచ్చు. తెల్లారి నుంచి రెండు రోజులు సారు ప్రశ్నపత్రాల పనికి యూనివర్సిటీకి పోవాలె. "పొద్దుగాల వచ్చి మీరే వెయ్యుండ్రి మేడం, వస్తది మీకు" అన్నడు. నాకు ఎంత గర్వమైందో. పొద్దున ఎనిమిదింటికే వచ్చి ప్యాచ్ వేసిన. సరిగ్గా పడ్డదా అని చూసెటందుకు రెండు కమాండ్లు ఉన్నయి. డిస్కు మీద ఏ కెర్నల్ ఉన్నదో చెప్పేది ఒకటి, ఇప్పుడు నడుస్తున్నది ఏదో చెప్పేది ఇంకొకటి. నేను మొదటిది కొట్టిన. మెయిల్‌ల ఉన్న కొత్త కెర్నల్ నంబరే కనపడ్డది. సంతోషంగ రిజిస్టర్‌ల "ప్యాచ్ అయింది" అని రాసి నా పొడి అక్షరాలు పెట్టిన. అంతల హాల్‌టికెట్లు పట్టుకొని పిల్లలు తలుపు దగ్గరికి వచ్చిండ్రు.

రీస్టార్ట్ గురించి అప్పుడు నాకు తట్టిందా? తట్టి, సాయంత్రం చేద్దామనుకొని మరిచిన్నా? అసలు తట్టనే లేదా? ఇన్నేండ్లల్ల ఎన్నిసార్లు వెనుకకు పోయి చూసినా ఆ జాగల నాకు ఏం కనపడదు. మధ్యాహ్నం సారు బస్సుల నుంచి ఫోన్ చేసింది మాత్రం పక్కా. "వేసిండ్రా?" అన్నడు. "వేసిన సార్" అన్న. తర్వాత రెండు నిమిషాల దాక ఏందో మాట్లాడుకున్నం. ప్రశ్నపత్రాల సీళ్ల సంగతి అని గుర్తు. అంతకన్న గుర్తు లేదు.

మూడో రోజు పొద్దున ఒక బ్యాచు పిల్లల ప్రోగ్రాములన్ని మాయమైనయి. మేము వెతుకుతుంటే చౌటుప్పల్ పిల్ల తనంతట తనే ఏడ్చుకుంట వచ్చింది. ఆ కంత గురించి ఇంటర్నెట్‌ల చదివిందట. మన మిషన్‌ల పనిచేస్తదో లేదో చూద్దామని ఎవరో రాసిపెట్టిన కోడ్ నడిపిందట. "రూట్ అయిపోయిన మేడం. నాకే భయమైంది. నేను నడిపినట్టు తెలువకుండ నా ఫైలు తుడుద్దామని కమాండ్ కొట్టిన. అది తప్పు జాగల కొట్టిన."

ప్రిన్సిపాల్, ఇంకో ఇద్దరు కూసొని విచారణ పెట్టిండ్రు. పిల్లను ఏడాది పరీక్షలకు రానియ్యొద్దు అన్నడు ఒకాయన. "ప్యాచ్ అయింది అని రాసి ఉన్నది గదా, మరి ఎట్ల పోయింది లోపలికి?" అని రిజిస్టర్ నా ముందట పెట్టిండు ఇంకొకాయన. నా కాంట్రాక్టు ఆ నెలలనే ముగుస్తున్నది. నోరు తెరిచిన. నాకంటె ముందు సారు మాట్లాడిండు.

"ప్యాచ్ మేడం సక్కగనే వేసింది. రీస్టార్ట్ చెయ్యాల్సి ఉండె. పరీక్షలు నడుస్తున్నయి, అయినంక చూద్దాం, ఆపుండ్రి అని ఫోన్‌ల నేనే చెప్పిన. తలుపు నేను తెరిచిపెట్టి, పిల్ల ఎందుకు పోయిందంటె ఎట్ల సార్?"

నా దిక్కు చూడలేదు. నేను తెరిచిన నోరు మూసుకున్న. ఇది రాసేటప్పుడు కూడా ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగుతున్నది. మూసుకున్న.

ఆ పిల్లతోపాటు బ్యాచందరికి మళ్ల పరీక్ష పెట్టిండ్రు, ఆ పిల్ల పాసైంది. నా కాంట్రాక్టు మళ్ల రాసిండ్రు. సారును నారాయణపేట కాలేజీ ఆఫీసుకు పంపిండ్రు, సర్టిఫికెట్లు టైపు చేసే పనికి. మళ్ల ఏ సర్వర్ ఆయన చేతికి రాలేదు.

పోయే రోజు నల్లగొండ బస్టాండుకు నేనొక్కదాన్నే పోయిన. సంచిల తన సొంత కీబోర్డు పెట్టుకున్నడు. బస్సు ఎక్కే ముందట ధైర్యం చేసి అడిగిన.

"సార్, ఆపుమని మీరు నాకు నిజంగ చెప్పిండ్రా?"

ఆయన నన్ను వింతగ చూసిండు. "చెప్పలేదా?" అన్నడు.

కండక్టర్ తొందర పెట్టిండు, ఆయన ఎక్కిండు. ఆ చూపుల నటన ఉన్నదా లేదా అని నాకిప్పటికి అర్థం కాలేదు. ఒక్కోసారి నన్ను కాపాడెటందుకు అబద్ధమాడిండు అనిపిస్తది. అట్లయితే ఆయన చేతి పనిని నేను మింగినట్టు. ఇంకోసారి, నిజంగనే చెప్పిండేమో, నేనే మరిచిన్నేమో అనిపిస్తది. అట్లయితే ఆయన తప్పును త్యాగమనుకొని ఇన్నేండ్లు నేను లేని రుణం మోస్తున్నట్టు. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసిన. రెండుసార్లు ఆయనే ముందు, "కొత్త కంత మెయిల్ వచ్చిందా? వేసిండ్రా? లేపిండ్రా?" అని అడిగిండు. లేపిన సార్ అన్న. నేనడగాల్సింది అడగకుండనే ఫోన్ పెట్టేసిన.

దినాలైనంక నారాయణపేట పోయిన. మగ్గాల చప్పుడు వినపడే సందుల కిరాయి ఇల్లు. సారు భార్య తలుపు తీసి నన్ను మీదికి కిందికి చూసింది.

"నల్లగొండ మేడానివి నువ్వే గద? సన్నగ ఉంటదని చెప్పిండు."

"అది ఎప్పటి మాటనో అక్కా."

"ఆయనకు అన్నీ ఎప్పటి మాటలే" అని చాప వేసింది. చాయ్ పెడతనంటే వద్దన్న. కూసొని, ఇప్పుడు ఇక్కడ రాసినట్టే మొత్తం చెప్పిన. కమాండ్ల సంగతి ఆమెకు అర్థమైందో లేదో గని, ఆఖరు దాక విన్నది. అయినంక అన్నది:

"ఇంటికొచ్చి నాకు గదే చెప్పిండు. నేనే ఆపుమన్న, నా తప్పే అని."

"నిజంగ ఆపుమన్నడా అక్కా?"

"నన్నడుగుతవేంది చెల్లె? ఫోన్ల మాట్లాడింది నువ్వు గద!"

నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. నవ్విన తర్వాత ఇద్దరికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ నెలల నేను ఏడ్చింది అప్పుడే.

"అబద్ధం రాదు ఆయనకు" అన్నది కొంగుతోని మొఖం తుడుచుకుంట. "చిన్నోని పెండ్లిల మా అక్క, చీర ఎట్లున్నది మరిదీ అంటె, పర్ద గుడ్డ తీర్గ ఉన్నది అన్నడు. మూడేండ్లు మా ఇంటి గడప తొక్కలే ఆమె." మళ్ల తనే, "కానీ నీ నౌకరి పోతదంటె ఏమన్నడో నాకేమెర్క" అన్నది.

తర్వాత లోపలికి పోయి ఆయన ఫోన్ తెచ్చింది. చార్జింగు నిండుగ ఉన్నది, ఆమె రోజూ పెడుతున్నదట.

"ఎడమ చెవు సక్కగ వినపడకపోతుండె ఆయనకు. నల్లగొండల ఉన్నప్పటి సంది ఫోన్ల ఎవ్వలతోని మాట్లాడినా మాటలన్ని అందుల రికార్డు అయి ఉంటయి. సాయంత్రం కూసొని మళ్ల వినెటోడు. ఫోన్ మార్చినప్పుడల్ల పాతయి కూడా కొత్తదాంట్ల ఏసుకున్నడు, ఒక్కటి తీసెయ్యలే. ఆయన గొంతు విందామంటె తాళం తీసే నంబర్ తెల్వదు. పుట్టినరోజులు, పెండ్లిరోజు అన్ని కొట్టి చూసినం. ఇంకా కొడితే మొత్తం పోతదని మా అల్లుడు వద్దన్నడు. నువ్వు ఆయన దగ్గర నేర్చుకున్న దానివి. తెరువరాదా?"

ఫోన్ చేతుల పట్టుకున్న. ఆ రోజు మధ్యాహ్నం బస్సుల నుంచి మేము మాట్లాడుకున్న రెండు నిమిషాలు అందుల ఉండాలె. ఆపుమన్నడో లేదో, నా అరచేతిల ఉన్నది. తెర వెలిగిస్తే తాళం బొమ్మ కింద చిన్న అక్షరాలల్ల ఒక మాట కనపడ్డది, సిస్టమ్ అప్‌డేట్ పూర్తయింది అని. తారీఖు చూస్తే, చనిపోయిన రోజుకు రెండు రోజుల ముందట వేసుకున్నడు. రీస్టార్ట్ కూడా చేసే ఉంటడు. ఏడ సేవ్ చేసినవో చూపెట్టు అని తనను తనే అడిగి ఉంటడు.

ఇన్నేండ్లు పిల్లలకు కంత మూసుడు నేర్పినదాన్ని, మొదటిసారి నా మనసు ఒక్క కంత ఉంటే బాగుండు అని కోరుకున్నది. ఏదో ఒక పాత కంత, ఈ మనిషి బద్ధకించి వదిలేసినది. కానీ ఆయన బద్ధకించడని నాకంటె బాగ తెలిసినోళ్లెవరు? ఇంకోటి కూడా తట్టింది. ఒకవేళ తెరువొచ్చినా, ఆమె ఆయన గొంతు వినాలని అడుగుతున్నది, నేను సాక్ష్యం కావాలని చూస్తున్న. ఇద్దరం ఒకే తలుపు దగ్గర నిలబడ్డం గని, వచ్చిన పని ఒకటి కాదు.

"రాదక్కా" అన్న. "ఎవ్వరితోని కాదు. దుకాణంల ఎవరన్న తెరుస్తమంటె నమ్మకుండ్రి."

"గంత గట్టిగ ఏసిండా?"

"గంత గట్టిగ."

ఆమె మొఖంల దిగులు ఉన్నది, దాంతోపాటు ఇంకేందో ఉన్నది. గర్వం అనుకుంట. నాకు పూర్తిగ తెల్వదు.

ఫోన్ తిరిగి ఇస్తుండంగనే అది మోగింది. ఉలిక్కిపడ్డ. ఫోన్ కాల్ కాదు, అలారం. పదకొండు ఇరవై. ఆమె ఉలిక్కిపడలేదు. ఫోన్‌ను ఇనుప సందూకు మీద పెట్టింది.

"రోజూ గీ యాళ్లకే మోగుతది" అన్నది. "గోలీల టైము గాదు. నల్లా టైము గాదు. ఎందుకు పెట్టుకున్నడో బతికున్నప్పుడు అడగలే నేను."

"ఆపొచ్చక్కా. దానికి నంబర్ అక్కర్లేదు."

"ఎర్కే."

ఆపలేదు. నేనూ చెయ్యి చాపలేదు. అది మోగుకుంట, వణుకుకుంట సందూకు రేకు మీద కొంచెం కొంచెం జరుగుతున్నది. అంచు దాక వచ్చినంక ఆమె లేవకుండనే ఒక చెయ్యి చాపి, ఫోన్‌ను ముట్టకుండ, కింద పడితే అందేటట్టు అంచు దగ్గర అరచెయ్యి పట్టి కూసున్నది.